స్వలీనత: తల్లిదండ్రులు వ్రాసిన వైద్యచరిత్ర

వైద్యశాస్త్రంలోని పెద్ద సంగతులు చాలావరకు ప్రయోగశాలలలో పుట్టినవి. 1897 లో రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ పొట్టను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి మలేరియా రహస్యాన్ని బయటపెట్టినాడు. ఆ పరిశోధన ఫలితాన్ని ఈనాటికీ అనుభవిస్తున్న ప్రాంతాలలో పాడేరు మన్యం ఒకటి. అయితే పిల్లల పెరుగుదలకు సంబంధించిన ఒక స్థితి చరిత్ర మాత్రం సూక్ష్మదర్శినితో మొదలు కాలేదు. అది ఇళ్ళలో మొదలైనది. బిడ్డను రాత్రింబగళ్ళు కనిపెట్టి చూచిన తల్లిదండ్రులే దానికి తొలి పరిశీలకులు. ఆ స్థితికి ఇంగ్లీషులో ఆటిజం అని, తెలుగులో స్వలీనత అని పేరు.

స్వలీనత అంటువ్యాధి కాదు. అసలు వ్యాధి అనదగినది కూడా కాదు. మెదడు పెరుగుదలలో పుట్టుకకు ముందే ఏర్పడి, జీవితాంతం ఉండే ఒక తేడా. ఈ తేడా గల బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవచ్చును. ఎదుటివారి కన్నులలోకి చూడటం, తనకు నచ్చిన వస్తువును వ్రేలితో చూపించటం ఆలస్యం కావచ్చును. మాట రాకపోవచ్చును, లేదా వచ్చిన మాటనే మరల మరల పలుకవచ్చును. ఒకే ఆటను గంటల తరబడి ఆడటం, నిత్యకృత్యంలో చిన్న మార్పు వచ్చినా తల్లడిల్లటం, కొన్ని ధ్వనులను భరించలేకపోవటం కూడా ఇందులో కనబడతాయి. ఈ లక్షణాలన్నీ ప్రతి బిడ్డలోనూ ఉండవు; ఉన్నా ఒకే మోతాదులో ఉండవు.

పదం పుట్టుక

గ్రీకు భాషలో ‘ఆటోస్’ అంటే ‘తాను’ అని అర్థం. స్విట్జర్లాండుకు చెందిన మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911 లో ప్రకటించిన గ్రంథంలో ఈ ధాతువు నుండి ‘ఆటిజం’ అనే పదాన్ని ప్రయోగించినాడు. అప్పుడు ఆయన మనసులో ఉన్నది పిల్లలు కారు. తీవ్రమైన మానసిక వ్యాధికి లోనై, బయటి ప్రపంచం నుండి తమలోనికి ముడుచుకొనే పెద్దవారు. పదం ఒక చోట పుట్టి, తరువాత మరొక అర్థాన్ని సంపాదించుకొన్నది.

పిల్లలలో ఈ లక్షణాలను స్పష్టంగా వర్ణించినవారిలో మొదట చెప్పవలసిన పేరు గ్రున్యా సుఖరేవా. మాస్కోలో పని చేసిన ఈ వైద్యురాలు 1925 లో ఆరుగురు బాలురను గురించి రష్యన్ భాషలో వ్యాసం ప్రకటించినది. మరుసటి సంవత్సరం అది జర్మన్ భాషలో వెలువడినది. ఆ పిల్లల ఒంటరితనం, ఒకే విషయంపై పట్టుదల, ధ్వనుల పట్ల సున్నితత్వం, ఇవన్నీ ఆమె వ్రాతలో ఉన్నవి. కాని ఆ వ్యాసం 1996 వరకు ఇంగ్లీషులోనికి రాలేదు. అందువల్ల ఆమెకు దక్కవలసిన స్థానం చాలా ఆలస్యంగా దక్కినది.

ముప్పది మూడు పుటల ఉత్తరం

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరిలో 1933 లో డోనాల్డ్ ట్రిప్లెట్ అనే బాలుడు పుట్టినాడు. చాలా చిన్న వయస్సులోనే పాటలను రాగంతో సహా అప్పగించేవాడు, అంకెలంటే ప్రాణం. కాని తల్లి గదిలోనికి వచ్చినా గమనించినట్లు కనబడేవాడు కాడు. గుండ్రని వస్తువులను గిరగిర త్రిప్పుతూ గంటలు గడిపేవాడు. నాలుగేళ్ళు నిండకముందే, వైద్యుల సలహాపై, తల్లిదండ్రులు అతనిని ఒక ఆరోగ్యకేంద్రంలో ఉంచినారు. అక్కడ అతడు మరింత ముడుచుకొనిపోయినాడు. దాదాపు ఒక సంవత్సరం తరువాత వారు బిడ్డను ఇంటికి తెచ్చుకొన్నారు.

తండ్రి న్యాయవాది. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యుడైన లియో కన్నర్‌కు ఆయన 33 పుటల ఉత్తరం టైపు చేయించి పంపినాడు. బిడ్డ ఏమి తింటాడు, ఏ మాట ఎప్పుడు అన్నాడు, దేనికి భయపడతాడు, దేనికి నవ్వుతాడు, అన్నీ అందులో ఉన్నవి. 1938 అక్టోబరులో కన్నర్ డోనాల్డును చూచినాడు. అప్పటి గ్రంథాలలో ఉన్న ఏ వ్యాధి పేరూ ఈ బాలునికి సరిపోలేదు. తరువాత అటువంటి పిల్లలు మరికొందరు ఆయన వద్దకు వచ్చినారు. 1943 లో పదకొండుగురు పిల్లలను గురించి, అనగా ఎనిమిదిమంది బాలురు, ముగ్గురు బాలికలను గురించి, ఆయన ప్రకటించిన వ్యాసం ఈ శాస్త్రానికి పునాది అయినది. అందులోని మొదటి కథ డోనాల్డుదే. ఆ కథలో కన్నర్ చాలా భాగం ఆ తండ్రి ఉత్తరం నుండే తీసుకొన్నాడు.

దాదాపు అదే కాలంలో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944 లో ఇటువంటి బాలురను గురించే వ్రాసినాడు. చక్కగా మాట్లాడగలిగి, కొన్ని విషయాలలో అసాధారణమైన తెలివి చూపే పిల్లలు కూడా ఆయన వర్ణనలో ఉన్నారు. ఆయన చరిత్రలో చీకటి భాగం ఒకటి ఉన్నది. నాజీల పాలనలో వికలాంగులైన పిల్లలను చంపిన ‘ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్’ అనే వైద్యశాలకు కొందరు పిల్లలను పంపటంలో ఆయనకు పాత్ర ఉన్నదని 2018 లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు దస్తావేజులతో చూపినాడు. బిడ్డ ‘పనికి వస్తాడా, రాడా’ అని లెక్క కట్టే సమాజం ఎంత దూరం పోగలదో తెలియటానికి ఈ సంగతిని మరువరాదు.

పొలంలో దొరికిన చికిత్స

డోనాల్డు కథలో శాస్త్రానికి మించిన పాఠం ఒకటి ఉన్నది. 1942 లో తల్లిదండ్రులు అతనిని తమ ఊరికి పది మైళ్ళ దూరంలో లూయిస్ అనే రైతు దంపతుల ఇంట ఉంచినారు. వారు కౌలు రైతులు. మానసిక శాస్త్రం చదివినవారు కారు. 1945 లో కన్నర్ స్వయంగా వెళ్ళి చూచి, వారి యుక్తికి ఆశ్చర్యపోయినాడు.

డోనాల్డుకు కొలతల పిచ్చి ఉండేది. దానిని మాన్పించటానికి వారు ప్రయత్నించలేదు. అతనిచేత బావి త్రవ్వించి, ఎంత లోతు అయినదో కొలిచి చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళను పదే పదే లెక్క పెడుతూ ఉంటే, నాగలి చేతికి ఇచ్చి, దున్నుతూ లెక్క పెట్టమన్నారు. అతడు గుర్రాన్ని నడుపుతూ, నాగలి పట్టి, సాళ్ళు దున్నినాడు. చచ్చిన పక్షులను, పురుగులను ఏరి తెస్తూ ఉంటే, వాటికి ఒక మూల శ్మశానంగా చూపించినారు. అతడు ప్రతి గోరీపైనా ఒక పలక నిలిపి, ఆ జీవికి ఒక పేరు పెట్టి, చివర ఆ రైతుల ఇంటిపేరు వ్రాసినాడు. నత్తకు కూడా ఆ ఇంటిపేరు దక్కినది. ప్రక్కనున్న పల్లె బడిలో అతని వింత చేష్టలను సహించి, చదువు చెప్పినారు.

తరువాత డోనాల్డు కళాశాలలో చదివి 1958 లో పట్టభద్రుడైనాడు. సొంత ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసినాడు. గోల్ఫ్ ఆడినాడు, ఒంటరిగా దేశదేశాలు తిరిగినాడు. 2023 లో 89 ఏళ్ళ వయస్సులో కన్నుమూసినాడు. ఆ పదకొండుగురు ఏమైనారో కన్నర్ 1971 లో విచారించి ప్రకటించినాడు. పెద్ద పెద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో చేర్చిన పిల్లలు తమకు ఉన్న శక్తులను కూడా పోగొట్టుకొన్నారని, ఆ చేర్పు యావజ్జీవ శిక్ష వంటిదైనదని ఆయన అభిప్రాయపడినాడు. డోనాల్డు కుటుంబం ధనవంతమైనది, ఆ మాట నిజం. కాని అతనికి మేలు చేసిన లూయిస్ దంపతులు ధనవంతులు కారు. వారు ఇచ్చినది పని, ఓపిక, ఒక ఇంటిపేరు.

నింద, దాని నుండి విముక్తి

కన్నర్ గొప్ప పరిశీలకుడే గాని, ఆయన వ్రాతలే ఒక పెద్ద అపచారానికి దారి తీసినవి. ఆ పిల్లల తల్లిదండ్రులు చల్లని మనసు గలవారని, ప్రేమను వెచ్చగా చూపనివారని ఆయన 1949 లో వ్రాసినాడు. ఈ మాటను మరికొందరు సిద్ధాంతంగా మార్చినారు. షికాగోలో ఒక ప్రత్యేక పాఠశాలను నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967 లో ప్రకటించిన గ్రంథంలో, తల్లి తిరస్కారమే బిడ్డను ఈ స్థితిలోనికి నెట్టుతున్నదని వాదించినాడు. ఎందరో తల్లులు ఏ తప్పూ చేయకుండానే దోషులుగా నిలబడినారు. బిడ్డను తల్లినుండి వేరు చేయటమే చికిత్స అని నమ్మిన వైద్యులు కూడా ఉన్నారు.

ఈ నిందను త్రోసిపుచ్చినవారు కూడా తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్లండ్ అమెరికా నౌకాదళంలో మానసిక శాస్త్రజ్ఞుడు. 1956 లో పుట్టిన ఆయన కుమారునికి స్వలీనత ఉన్నట్లు తెలిసినది. రిమ్లండ్ గ్రంథాలయాలలో దొరికిన వ్యాసాలన్నీ చదివి, తల్లి ప్రేమ లోపమే కారణమనటానికి ఆధారం లేదని, కారణం మెదడు నిర్మాణంలోనే వెదకవలెనని 1964 లో ఒక గ్రంథం వ్రాసినాడు. దానికి కన్నరే ముందుమాట వ్రాసినాడు. 1965 లో రిమ్లండ్, మరికొందరు తల్లిదండ్రులు కలిసి అమెరికాలో ఒక సంఘాన్ని స్థాపించినారు. 1969 లో ఆ సంఘ సభలో కన్నర్ స్వయంగా తల్లిదండ్రులు నిర్దోషులని ప్రకటించినాడు. ఇంగ్లండులో అంతకు ముందే, 1962 లో, తల్లిదండ్రులు ఇటువంటి సంఘాన్ని ఏర్పరచినారు.

శాస్త్రీయమైన సాక్ష్యం 1977 లో వచ్చినది. సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనే వైద్యులు ఇంగ్లండులో 21 జతల కవలలను పరిశీలించినారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో 4 జతలలో ఇద్దరికీ స్వలీనత ఉన్నది. వేరు వేరు అండాల నుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. ఇద్దరు కవలలనూ పెంచినది ఒకే తల్లి. పెంపకమే కారణమైతే రెండు రకాల జతలలోనూ ఫలితం ఒకటిగానే ఉండవలెను గదా! కనుక వంశపారంపర్యానికి ప్రధాన పాత్ర ఉన్నదని తేలినది. ఇప్పుడు వందలాది జన్యువులకు దీనితో సంబంధం ఉన్నట్లు శాస్త్రజ్ఞులు గుర్తించినారు.

మరొక నింద టీకాలపై పడినది. 1998 లో లండనులో 12 మంది పిల్లలను గురించిన ఒక వ్యాసం పొంగు టీకాకు, స్వలీనతకు ముడిపెట్టినది. ఆ వ్యాసంలోని వివరాలు వక్రీకరించినవని తేలటంతో ‘లాన్సెట్’ పత్రిక 2010 లో దానిని రద్దు చేసినది. డెన్మార్కులో ఆరున్నర లక్షలకు మించిన పిల్లలపై జరిగి, 2019 లో వెలువడిన పరిశోధనలో టీకాకు, స్వలీనతకు ఎటువంటి సంబంధమూ కనబడలేదు. పొంగు ప్రాణాలు తీయగలదు. దాని టీకా స్వలీనతను కలిగించదు.

వర్ణపటం

గాజు పట్టకంలో నుండి పోయిన తెల్లని కాంతి అనేక రంగులుగా విడిపోతుంది. ఎరుపు ఎక్కడ ముగిసి నారింజ ఎక్కడ మొదలైనదో గీత గీసి చెప్పలేము. దీనినే వర్ణపటం అంటారు. స్వలీనతను ఈ వర్ణపటంతో పోల్చిన వైద్యురాలు లోర్నా వింగ్. ఆమె కూడా 1956 లో పుట్టిన ఒక స్వలీన బాలికకు తల్లి.

అంతవరకు వైద్యులు తమ వద్దకు వచ్చినవారిని మాత్రమే లెక్కించేవారు. కన్నర్ చూచిన పిల్లల తల్లిదండ్రులందరూ విద్యావంతులు కావటం వలన ఇది చదువుకొన్నవారి ఇళ్ళలోనే పుట్టే స్థితి అన్న అపోహ బయలుదేరినది. చదువూ ధనమూ ఉన్నవారే బాల్టిమోరు దాకా పోగలిగినారన్నది అసలు సంగతి. లోర్నా వింగ్, జుడిత్ గూల్డ్ లండనులోని కాంబర్‌వెల్ ప్రాంతంలో, సహాయం అవసరమైన పిల్లలందరినీ వెదకి చూచి 1979 లో ఫలితాలు ప్రకటించినారు. కన్నర్ వర్ణనకు సరిగా సరిపోయినవారు పదివేల మందిలో అయిదుగురే. కాని సాంఘిక సంబంధాలలో, మాటలలో, ఊహలో ఇటువంటి ఇబ్బందులే గల పిల్లలు దానికి నాలుగింతలు ఉన్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి వర్గీకరణలో ఈ రకాలన్నిటినీ కలిపి ఒకే పేరు క్రిందకు తెచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 లో ప్రపంచంలో 127 మందిలో ఒకరికి స్వలీనత ఉన్నది.

ఈ చరిత్రలో గమనించదగిన సూత్రం ఒకటి ఉన్నది. వైద్యుని గుమ్మం ఎక్కగలిగినవారే లెక్కలోనికి వస్తారు. ఎక్కలేనివారి బిడ్డలు లేనట్లే లెక్క అవుతుంది.

మన దేశంలో

భారతదేశంలో కూడా ఇదే వరుస నడిచినది. ఢిల్లీలో మెర్రీ బరువా అనే తల్లి 1991 లో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ సంస్థను ప్రారంభించినది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు వైకల్యాల జాబితాలో స్వలీనత లేదు. తల్లిదండ్రుల ప్రయత్నం వలన 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో ఆ పేరు చేరినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించి, అందులో స్వలీనతకు స్పష్టమైన స్థానం కల్పించినది. వైకల్యం 40 శాతానికి తక్కువ కాకుండా ఉన్న పిల్లలకు ఆరవ ఏటి నుండి పద్దెనిమిదవ ఏటి వరకు తమకు దగ్గరలోని బడిలో, లేదా తాము కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో ఉచితంగా చదువుకొనే హక్కు ఈ చట్టం ఇచ్చినది.

రాస్ పరిశోధన జరిగిన సికిందరాబాదులోనే 1984 లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడినది. ఈ సంస్థ మన దేశపు పిల్లలకు తగిన కొలమానాన్ని తయారు చేసినది. ఇందులో 40 అంశాలు ఉన్నవి. సాంఘిక సంబంధాలు, భావస్పందన, మాట, ప్రవర్తన, ఇంద్రియాలు, గ్రహణశక్తి అని వాటిని ఆరు భాగాలుగా విభజించినారు. ప్రతి అంశానికి ఒకటి నుండి అయిదు వరకు మార్కులు; మొత్తం 70 గాని అంతకు మించి గాని వస్తే స్వలీనత ఉన్నట్లు భావిస్తారు. వైకల్య ధ్రువపత్రానికి కూడా ఇదే ఆధారం. పరీక్షించేవారు బిడ్డను చూడటంతో సరిపెట్టరు. తల్లిదండ్రులను కూడా అడుగుతారు. డోనాల్డు తండ్రి ఉత్తరానికి దొరికిన గౌరవం ఇక్కడ పద్ధతిగా మారినది.

ఇది కొండలలోనూ, అడవులలోనూ ఉన్నదా అనే ప్రశ్నకు 2018 లో సమాధానం దొరికినది. దేశంలో అయిదు ప్రాంతాలలో రెండు నుండి తొమ్మిదేళ్ళ వయస్సు గల 3,964 మంది పిల్లలను ఇంటింటికి వెళ్ళి పరీక్షించిన పరిశోధన ఆ సంవత్సరం వెలువడినది. నగరానికి ప్రతినిధిగా హైదరాబాదు, గిరిజన ప్రాంతానికి ప్రతినిధిగా ఒడిశాలోని ఢెంకనాల్ అందులో ఉన్నవి. పెరుగుదలకు సంబంధించిన తొమ్మిది రకాల ఇబ్బందులలో ఏదో ఒకటి నూటికి దాదాపు పన్నెండుగురు పిల్లలలో కనబడినది. స్వలీన బాలలు పట్నాలలోనే కాక పల్లెలలోనూ, కొండలలోనూ ఉన్నారు.

పాడేరు మన్యంలో

విశాఖపట్నం నుండి చోడవరం, మాడుగుల మీదుగా ఘాటురోడ్డు ఎక్కి దాదాపు 110 కిలోమీటర్లు పోతే పాడేరు వస్తుంది. 2022 ఏప్రిల్ 4 న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇది ముఖ్యపట్టణం. చుట్టూ బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, కోందులు, గదబలు, పోర్జాలు మొదలైనవారి గ్రామాలు. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా చిక్కుళ్ళు ఇక్కడి పంటలు. ఇప్పటికీ కొన్ని గూడేలలో రోగిని డోలీ కట్టి రోడ్డు దాకా మోయవలసి ఉన్నది. ప్రాణం మీదికి వచ్చిన జ్వరానికి డోలీ కడతారు. మాట రాని బిడ్డ కొరకు ఎవరూ డోలీ కట్టరు. కాంబర్‌వెల్ పాఠం ఇక్కడ గుర్తుకు రావలెను.

మన్యంలో ఈ బిడ్డను గుర్తించటానికి రెండు ప్రత్యేకమైన అడ్డంకులు ఉన్నవి. మొదటిది భాష. ఇంటిలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి భాషలు, బడిలో తెలుగు. బడిలో మాట్లాడని బిడ్డను చూచి ‘తెలుగు రాదు, అందుకే మౌనం’ అని ఉపాధ్యాయుడు సరిపెట్టుకోవచ్చును. దీనికి విరుద్ధంగా, తెలుగు రాక మౌనంగా ఉన్న మామూలు బిడ్డను మందబుద్ధి అనుకోవచ్చును. ఈ చిక్కును విప్పే ప్రశ్న ఒక్కటే: ఇంటిలో, తన భాషలో, తన తల్లితో బిడ్డ ఎట్లా మాట్లాడుతున్నాడు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ప్రారంభించినది. ఆ భాషలు తెలిసిన ఉపాధ్యాయులు ఈ ప్రశ్న వేయటానికి అందరికంటె తగినవారు. రెండు భాషల మధ్య పెరగటం వలన స్వలీన బాలల మాట మరింత వెనుకబడుతుందనటానికి పరిశోధనలలో ఆధారం కనబడలేదు. కాబట్టి తల్లిభాషను మాన్పించమని ఇంటివారికి చెప్పరాదు.

రెండవది ఇతర కారణాలు. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ స్వలీనత ఉండదు. చెవి వినబడకపోవచ్చును. కొండప్రాంతాలలో అయోడిన్ లోపం బిడ్డ ఎదుగుదలను కుంటుపరచవచ్చును. మెదడుకు ఎక్కిన మలేరియా కొందరు పిల్లలలో మచ్చ మిగిల్చి పోతుంది. కనుక మొదట చేయించవలసినది చెవి పరీక్ష, తరువాత వైద్యపరీక్ష. 2013 లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వైద్య బృందాలు అంగన్‌వాడీలకు సంవత్సరానికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావలెనని నియమం. వారు చూడవలసిన ముప్పది అంశాలలో స్వలీనత కూడా ఉన్నది. ఆ రోజున అటువంటి బిడ్డ బడికి రాకపోతే ఆ సంవత్సరమంతా తప్పిపోయినట్లే. పాడేరులో జిల్లా ఆసుపత్రి ఉన్నది; 2024 లో ప్రభుత్వ వైద్యకళాశాల కూడా ప్రారంభమైనది. దూరం కొంత తగ్గినది. ఆ దూరం దాటించే మనిషి మాత్రం ఇంకా అవసరం.

బిడ్డకు మాట రాకపోతే ఇంటివారు దిసారిని, గురువును అడగటం మన్యంలో ఉన్న ఆచారమే. మైదానంలో తాయెత్తు కట్టించేవారికీ, వీరికీ భేదం లేదు. ఆపదలో మనిషి అందిన చేయి పట్టుకొంటాడు. ఆ ఇంటివారిని ఎగతాళి చేస్తే వారు బిడ్డను దాచిపెడతారు. ‘పూజ మీ ఇష్టం, చెవి పరీక్ష మాత్రం తప్పక చేయించండి’ అని చెప్పే ఆశా కార్యకర్త మాట వింటారు.

ఇంటిలో జరుగవలసినది

స్వలీనతను పోగొట్టే మందు లేదు. ఉన్నదని చెప్పి డబ్బు గుంజేవారిని నమ్మరాదు. శిక్షణ మాత్రం ఫలితం ఇస్తుంది. అది చిన్న వయస్సులో మొదలైతే మరింత మంచిది. ఆ శిక్షణకు నిపుణులే కావలెనని నియమం లేదు. గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో జరిగి 2016 లో వెలువడిన ఒక ప్రయోగంలో, నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు, బిడ్డతో ఎట్లా ఆడుకోవలెనో తల్లిదండ్రులకు నేర్పినారు. తల్లిదండ్రులు బిడ్డ మనసును అనుసరించి నడుచుకోవటం, బిడ్డ తనంతట తాను పలకరించటం పెరిగినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తొమ్మిది సామూహిక పాఠాలు, మూడు ఇంటి సందర్శనలు గల ఒక శిక్షణను ఇటువంటి ప్రాంతాల కొరకు రూపొందించినది.

ఆ పాఠాల సారాంశం కష్టమైనది కాదు. బిడ్డ చూస్తున్న వస్తువునే తల్లి కూడా చూచి, దాని పేరు ఒకటి రెండు మాటలలో చెప్పవలెను. చోడి అంబలి గిన్నె చేతికి ఇచ్చేముందు ఒక్క క్షణం ఆగి, బిడ్డ చేయి చాపటానికో, శబ్దం చేయటానికో అవకాశం ఇవ్వవలెను. ఆ రోజు ఏమేమి జరుగుతుందో ముందుగా బొమ్మలతోనో, వస్తువులతోనో చూపవలెను. సంత రోజు రణగొణ ధ్వని, పండుగనాడు డప్పుల మ్రోత బిడ్డకు దుర్భరమైతే, కొంత దూరంలో నిలబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. చెవులు మూసుకొన్నందుకు కొట్టరాదు.

లూయిస్ దంపతుల పద్ధతికి మన్యపు బ్రతుకులో చోటు ఉన్నది. ఒకే పనిని మరల మరల చేయటంలో ఆనందించే బిడ్డకు కాఫీ కళ్ళంలో పండిన గింజను, పచ్చి గింజను వేరు చేయటం, చిక్కుడు గింజలను రంగుల వారీగా ఏరటం, పశువులను లెక్క పెట్టి దొడ్డికి తోలటం ఆటకు ఆట, పనికి పని. అయితే కొండల్లో ఇట్టి బిడ్డను ఊరంతా తానుగా చూచుకొంటుందని అనుకొని చేతులు దులుపుకోవటం తగదు. తల్లి పొలానికి పోయినప్పుడు అతనిని చూచేది చాలాసార్లు అక్క. ఆ అక్క చదువు ఆగిపోతుంది. బిడ్డ దారి తప్పి వాగు వైపు పోతే అపాయం. ఒక బిడ్డకు అందిన సహాయం ఆ ఇంటిలోని ఇద్దరు ముగ్గురు పిల్లలను ఒడ్డుకు చేరుస్తుంది.

బడి చేయగల పని

సదరం శిబిరంలో పరీక్ష చేయించుకొని ధ్రువపత్రం పొందిన కుటుంబానికి పింఛను మొదలైన సహాయాలకు అర్హత ఏర్పడుతుంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్యబీమా ఉన్నది. మండలాలలోని భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఇటువంటి పిల్లలకు పాఠాలు, వ్యాయామాలు నేర్పుతారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నవి. కాగితానికి, కొండ మీది ఇంటికి మధ్య వంతెన బడి.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు రోగనిర్ణయం చేయవలసిన పని లేదు, చేయరాదు కూడా. అతడు చేయగలిగినవి మూడు. మొదటిది: తరగతిలో ఇటువంటి బాలునికి గోడ ప్రక్కన ఒక స్థిరమైన చోటు ఇచ్చి, సూచనలను ఒకటొకటిగా చెప్పి, అతనికి నచ్చిన విషయం నుండి పాఠంలోనికి తీసుకొనిపోవటం. రెండవది: తోటి పిల్లల వెక్కిరింతను ఆపటం. మూడవది అన్నిటికంటె విలువైనది. డోనాల్డు తండ్రికి టైపు చేయించగల స్తోమత ఉన్నది. మన్యంలోని తల్లికి చదువు రాకపోవచ్చును. కాని బిడ్డ ఏ మాట ఎప్పుడు అన్నాడో, ఎప్పుడు మానినాడో, ఏ శబ్దానికి పరుగెత్తినాడో ఆమెకు తెలిసినంతగా ఏ వైద్యునికీ తెలియదు. ఆమె తన భాషలో చెప్పుతూ ఉంటే, ఆ భాష వచ్చిన ఒక విద్యార్థిని సహాయంగా తీసుకొని, ఉపాధ్యాయుడు తేదీలతో సహా వ్రాసిపెట్టగలడు. ముప్పది మూడు పుటలు అక్కర లేదు. రెండు పుటలు చాలును. ఆసుపత్రిలో వైద్యుని ముందు ఆ తల్లి భయపడి మాట్లాడలేకపోయినా, ఆ రెండు పుటలు ఆమె తరఫున మాట్లాడుతాయి.